పాలల్లో వేసిన పన్ను

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం

ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచి మధ్యాహ్నాలు మా అమ్మాయి దీవెనకి సైకిల్ నేర్పుతున్నాను. ఇవాళ పడింది. మూతి సైడుకాలవ సిమెంటు గట్టుకి కొట్టుకుని పైవరుసలో ముందుపన్ను ఒకటి ఊడి వచ్చింది. పాలపన్నే. తొమ్మిదేళ్ల పిల్లకి పళ్లు ఊడటం వింతేం కాదు. అమ్మ పక్కింటి నుంచి ఆవుపేడ తెప్పించింది. పన్ను ఆ ముద్దలో పెట్టి వంటింటి కప్పు పెంకుల మీద వేశాం. అమ్మ చిన్న ప్రార్థన కూడా చేసింది. రక్తం ఆగింది. పిల్ల ఏడుపు మానింది. వాళ్లమ్మ స్వర్ణ బాపట్ల నుంచి సాయంత్రం వచ్చాక చూస్తుంది.

కంగారు పడకుండా చక్కబెట్టాను. సైన్సు మాస్టారన్నాక ఆ మాత్రం నిబ్బరం ఉండాలి.

మార్చి 20, గురువారం

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. మళ్లీ ఉంచేశాను. తెలివితక్కువతనానికి కూడా ఒక రుజువు ఉండాలి.

జరిగింది ఇదీ. నిన్న పేజీ రాసి పెన్ను మూశానో లేదో స్వర్ణ ఆఫీసు నుంచి వీడియో కాల్ చేసింది. పిల్ల పడిందని చెప్పాను. నోరు తెరవమంది. దీవెన తెరిచింది. స్వర్ణ మొహం తెర దగ్గరికి వచ్చింది.

"అది పాలపన్ను కాదండి. పాలపన్ను రెండో క్లాసులోనే ఊడింది. ఇది ఆ తర్వాత వచ్చిన పన్ను. ఎక్కడుంది?"

"ఉంది," అన్నాను.

"పాలల్లో వేశారా? మా ఆఫీసులో ఒకావిడ కొడుక్కి ఇలాగే అయితే పాలల్లో వేసి తీసుకెళ్లారట, మళ్లీ అతికించారట."

"వేశాను," అన్నాను.

ఉంది అన్నది అబద్ధం కాదు. పెంకుల మీద ఉంది. వేశాను అన్నది కూడా అబద్ధం కాదు, కొంచెం ముందుగా చెప్పిన నిజం. ఎందుకంటే తర్వాత వేశాను.

స్వర్ణ తెనాలిలో పిల్లల పళ్ల డాక్టరు తనూజగారి దగ్గరికి తీసుకురమ్మని, తను బాపట్లలో రైలెక్కి అటే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను కరెంటు పని చేసే మోషేని పిలిచాను. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మార్చి నెల ఎండ, కాలే పెంకులు. ముప్పావుగంట వెతికాడు. చివరికి పైనుంచి, "మాస్టారూ, రెండున్నాయండి. ఏదండి మీది?" అన్నాడు.

ఒకటి పోయిన వేసవిలో వేసింది. చిన్నది, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, అడుగున వేరు లేదు. రెండోది ఎండిన పేడలో ఉంది. పైన పన్ను ఎంతుందో కింద వేరు అంతకంటే పొడుగు. పాలపన్ను దానంతటది ఊడేటప్పటికి వేరు కరిగిపోతుందని పద్నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను. దంత సూత్రం కళ్లు మూసుకుని బోర్డు మీద రాస్తాను. నిన్న మధ్యాహ్నం ఆ వేరు నా అరచేతిలోనే ఉంది. దాన్ని చూసి నేను అనుకున్నదేంటంటే, అబ్బ ఎంత గట్టి పన్ను, నాన్న పోలిక.

పేడ పోవాలని అంట్లు తోమే పీచుతో శుభ్రంగా రుద్దాను. తళతళలాడింది. స్టీలు డబ్బాలో పాలు పోసి అందులో వేశాను. కారు మాట్లాడుకుని తెనాలి చేరేటప్పటికి అయిదైంది. పన్ను ఊడింది రెండింటికి. నేనీ లెక్క ఇక్కడ తప్ప ఇంకెక్కడా వేయలేదు.

స్వర్ణ అప్పటికే ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఉంది. తనూజగారు డబ్బా మూత తీసి చూసి, "ఎంతసేపైందండి? ఊడినప్పటి నుంచి దేంట్లో ఉంచారు?" అని అడిగారు.

స్వర్ణ నా వంక చూసింది. గర్వంగా చూసింది. పెళ్లయిన పన్నెండేళ్లలో అలా చూడటం రెండోసారో మూడోసారో.

"ఊడగానే పాలల్లో వేశామండి. కారు దొరక్క ఆలస్యమైంది," అన్నాను.

"ఎండిపోనివ్వలేదు కదా?"

"లేదండి."

"చాలా మంచి పని చేశారండి. వందమందిలో ఒక్కరు కూడా చేయరు. టిష్యూ పేపర్లో చుట్టి తెస్తారు," అన్నారు. నా భుజాలు వాటంతటవే కొంచెం పైకి లేచాయి. సిగ్గు ఉండాలి. ఉందనుకోండి, కానీ అది తర్వాత వచ్చింది.

పన్ను తిరిగి చిగురులో కూర్చోబెట్టి, అటూఇటూ పళ్లకి సన్నటి తీగతో కట్టారు. టెటనస్ సూది కూడా పొడిచారు. ఆ సూది చూసి నాకు ప్రాణం లేచివచ్చింది, పేడ సంగతి చెప్పాల్సిన పని తప్పింది కాబట్టి. కుర్చీలో పడుకున్న దీవెన అంతసేపూ నన్నే చూస్తోంది. నోటినిండా దూది ఉండబట్టి ఏమీ అనలేదు.

మార్చి 21

ఇడ్లీ పాలల్లో నానబెట్టి తినిపించాం. పన్ను గట్టిగానే ఉంది.

మార్చి 23, ఆదివారం

అమ్మని పిలిచి ఈ విషయం మనిద్దరి మధ్యే ఉండాలన్నాను. "నేనెందుకు చెబుతాన్రా ఎజ్రా, పేడ తెమ్మన్నది నేనే కదా," అంది అమ్మ. పాపంలో భాగస్తులు దొరికితే ఎంత హాయిగా ఉంటుందో.

ఆ హాయి చర్చి దాకానే. ఆరాధన అయ్యాక స్వర్ణ వెళ్లి పాస్టరుగారితో అంతా చెప్పింది. ఆయన మైకులో, సహోదరుడు ఎజ్రాకి దేవుడు ఆ ఘడియలో మంచి బుద్ధి ఇచ్చాడు, వచ్చి సాక్ష్యం చెబుతాడు, అన్నారు. వెళ్లాను. చెప్పాను. పాల డబ్బా దగ్గరికి వచ్చేటప్పటికి గొంతు కూడా కొంచెం వణికింది. అది చూసి ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. అమ్మ పాటల పుస్తకంలో తలదూర్చి కూర్చుంది.

ఇంటికొచ్చాక దీవెన అడిగింది, సాక్ష్యం అంటే ఏంటి నాన్నా అని. మనకి జరిగింది నలుగురికీ చెప్పడం అన్నాను. ఆహా అంది.

ఏప్రిల్ 2, బుధవారం

తీగ తీసేశారు. పన్ను నిలబడింది. దీని వేరు కొస ఇంకా పూర్తిగా మూసుకోలేదు, ఎండిపోకుండా పాలల్లో ఉంచారు కాబట్టి లోపలికి మళ్లీ రక్తం వచ్చే అవకాశం ఉంది, అందుకని వేరు ముట్టుకోకుండా కొన్నాళ్లు చూద్దాం, అన్నారు తనూజగారు. నొప్పి గానీ వాపు గానీ రంగు మారడం గానీ ఉంటే ఆ రోజే తీసుకురమ్మన్నారు.

"పాలల్లో ఉంచారు కాబట్టి" అన్నప్పుడు నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఇంకో సంగతి. 15న బాపట్లలో ఒక స్కూల్లో పిల్లలకీ టీచర్లకీ ఆవిడ మాట్లాడుతున్నారట, పళ్లకి దెబ్బ తగిలితే ఏం చేయాలని. నన్ను కూడా వచ్చి ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు. "డాక్టర్లు చెబితే వినరండి. మీలాంటి తండ్రి చెబితే వింటారు." మీలాంటి తండ్రి అన్నారు. స్వర్ణ నాకంటే ముందే ఒప్పుకుంది.

ఏప్రిల్ 5

ప్రసంగం కోసం ఆవిడిచ్చిన కరపత్రం చదివాను. పన్ను కట్టిన రోజే ఒకటి ఇచ్చారు, మడిచి జేబులో పెట్టి ఉతకడానికి వేశాను. ఇది రెండోది.

పన్నుని పైభాగం పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. (నేను వేరునే పట్టుకుని చూశాను.) మట్టి ఉంటే నీళ్లతో ఒకసారి కడిగి వదిలేయాలి, రుద్దకూడదు. (పీచు.) వీలైతే అక్కడికక్కడే గుంటలో పెట్టి బట్ట కొరికి పట్టుకోమనాలి, లేకపోతే పాలల్లో వేసి అరగంటలో డాక్టరు దగ్గరికి చేర్చాలి. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు, కానీ పాలపన్నా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. (సైన్సు మాస్టారు కాదు.) గంటకి పైగా ఎండిపోతే వేరు చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోతాయి, అప్పుడు వైద్యం వేరు.

అప్పుడు వైద్యం వేరు. ఈ మాట దగ్గర చాలాసేపు ఆగాను.

అంటే నా బడాయి నా దగ్గర ఉండిపోలేదు. పిల్ల నోట్లోకి వెళ్లింది. తనూజగారు నా మాట నమ్మి, లేని ప్రాణం కోసం ఎదురుచూస్తున్నారు.

రేపు చెబుతాను.

ఏప్రిల్ 6

ఆదివారం. ఆసుపత్రి ఉండదు.

ఏప్రిల్ 7

స్వర్ణకి ముందు చెప్పాలి. రాగానే తలనొప్పి అంది. రేపు.

ఏప్రిల్ 9

పన్ను చక్కగానే ఉంది. నొప్పి లేదంటోంది. నొప్పి లేనప్పుడు చెప్పి కంగారు పెట్టడం కూడా మంచిది కాదేమో. కణాలు అందరివీ ఒకేలా చావవు కదా. మనది గట్టి పన్ను.

ఏప్రిల్ 11, శుక్రవారం

దీవెన ఒకవైపే నములుతోంది. ఫొటో తీస్తానంటే పెదాలు మూసుకుని నవ్వింది. అడిగితే ఏం లేదంది. ఎండలు ముదిరాయి, పిల్లలకి ఆకలి ఉండదు.

ప్రసంగం మూడో ప్రతి రాశాను. బాగా వచ్చింది.

ఏప్రిల్ 14, సోమవారం

ఈ రోజుది వరసగా రాస్తాను. వంకర లేకుండా.

సెలవు. స్వర్ణ ఇంట్లోనే ఉంది. పొద్దున దీవెన పెరట్లో పళ్లు తోముకుంటోంది. వెనక నేను ఉన్నానని తనకి తెలియదు. చిన్న అద్దం గోడకి ఆనించి, పైపెదవి ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి చూసుకుంది. మొహం ముడుచుకుంది. పుక్కిలించి ఉమ్మింది. దగ్గరికెళ్లి పెదవి ఎత్తాను. ఆ పన్ను పైన చిగురు మీద తెల్లటి పొక్కు ఉంది. పన్ను కూడా కొంచెం బూడిద రంగుకి తిరిగింది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. వేళ్లు లెక్కపెట్టింది. ఎనిమిది రోజులట.

"నొప్పి లేదన్నావు కదమ్మా?"

"ఉందంటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తారుగా."

"తీసుకెళ్తే ఏంటి?"

చాలాసేపు బ్రష్ కడుగుతూ నిలబడింది. తర్వాత చెప్పింది. "నువ్వు పాలల్లో వేశామని చెప్పావుగా నాన్నా. పాలల్లో వేసిన పన్ను నొప్పి పెట్టకూడదు కదా. నొప్పంటే కప్పు మీద వేశామని తెలిసిపోద్ది. అప్పుడు నిన్ను అందరూ తిడతారు."

అద్దం గోడ మీదే ఉంది. అందులో చూసుకోవాలంటే భయం వేసింది. తొమ్మిదేళ్ల పిల్ల ఎనిమిది రోజులు చీము నొప్పి ఓర్చుకుంది, నాన్న పరువు పోకుండా. ఆ పరువు ఎంతటిదో నాకు తెలుసు, దానికి తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి చూసి కళ్లు ఒత్తుకోవడానికి ముందు వరస లేదు.

దాని చెయ్యి పట్టుకుని లోపలికెళ్లి స్వర్ణ ముందు నిలబడి అంతా చెప్పాను. పేడ దగ్గర్నుంచి పీచు దాకా. అమ్మ గుమ్మంలోకి వచ్చి, తప్పు నాదేనమ్మా అంది. స్వర్ణ మా ఇద్దర్నీ వదిలేసి పిల్ల పెదవి ఎత్తి చూసింది. చెప్పులు వేసుకుంది. "పదండి," అంది. అంతే. మా రేపల్లె స్టేషన్లో గానీ రైల్లో గానీ ఇంకో మాట లేదు. తెనాలి వచ్చేదాకా దీవెన మా మధ్య కూర్చుని ఒకసారి వాళ్లమ్మ చెయ్యి, ఒకసారి నా చెయ్యి పట్టుకుంది.

సెలవైనా తనూజగారు ఆసుపత్రి తెరిచారు. నేను చెబుతుంటే మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒక్కటే అడిగారు. "మొత్తం ఎంతసేపు ఎండిందండి?"

"గంటా నలభై అయిదు నిమిషాలు," అన్నాను. నిమిషాలతో సహా నాకు తెలుసని స్వర్ణకి అప్పుడే తెలిసింది.

ఎక్స్‌రే తీశారు. వేరు పక్కన నల్లటి నీడ ఉంది. ముందే తెలిసుంటే ఇన్నాళ్లు ఎదురుచూసేదాన్ని కాదు, వేరు వైద్యం అప్పుడే మొదలుపెట్టేదాన్ని, అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. పన్ను వెనక చిన్న రంధ్రం చేసి లోపల చీము కడిగి మందు పెట్టారు. ఇంకా రెండు మూడుసార్లు రావాలి. పన్ను ఉంటుంది. కానీ ఎముక ఆ వేరుని మెల్లమెల్లగా తినేస్తుందట. రెండేళ్లో, నాలుగేళ్లో. దవడ పూర్తిగా పెరిగేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చి, పెద్దయ్యాక వేరే పన్ను పెట్టాలి. పాలల్లో వేసి ఉంటే అన్న వాక్యం ఆవిడ పూర్తి చేయలేదు.

దీవెనతో మాత్రం చాలాసేపు మాట్లాడారు. నొప్పి ఉంటే నొప్పి అని చెప్పాలని, దానికి ఎవరినీ ఎవరూ తిట్టరని. అది నా వంక చూసి, నిజమేనా అన్నట్టు కనుబొమలెత్తింది. నిజమేనన్నాను. ఇప్పుడు దాన్ని నమ్మించడానికి నా మాట సరిపోదని దాని మొహంలో కనిపించింది.

వచ్చేటప్పుడు, రేపు బాపట్ల నేను రానక్కర్లేదు కదండి అన్నాను.

"రండి. ఇదే చెప్పండి," అన్నారు తనూజగారు.

ఏప్రిల్ 15, మంగళవారం

మూడో ప్రతి పక్కన పెట్టేశాను.

రెండొందల మంది పిల్లలు, ఇరవై మంది టీచర్లు. తనూజగారు నా పేరు, ఊరు చెప్పి కూర్చున్నారు. మీలాంటి తండ్రి అనలేదు. స్వర్ణ ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడింది. వస్తానని నాతో చెప్పలేదు.

నేను సైన్సు మాస్టారిని, మా అమ్మాయి శాశ్వత దంతాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీద వేశాను, అన్నాను. హాలంతా గొల్లుమంది. నవ్వనిచ్చాను. సైకిల్ సీటు నేనే ఎత్తు పెంచానని, వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందని పెంచితే పిల్ల కాళ్లు నేలకి ఆనలేదని చెప్పాను. ఫోన్లో వీడియో తీద్దామని వెనకనుంచి పట్టుకున్న చెయ్యి వదిలేశానని కూడా చెప్పాను. ఇది ఈ డైరీకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. పీచు దగ్గరికి వచ్చేటప్పటికి టీచర్లు కూడా నవ్వుతున్నారు. తర్వాత, డాక్టరు అడిగితే అబద్ధం చెప్పానన్నాను. మా అమ్మాయి ఎనిమిది రోజులు నొప్పి దాచిందన్నాను, ఎందుకు దాచిందో చెప్పాను. అప్పుడు నవ్వలేదు.

ఆరో క్లాసు అమ్మాయి ఒకతె లేచి, "ఇంట్లో పాలు లేకపోతే ఎట్లాగండి?" అంది. పక్కింట్లో అడుగు, పేడ అడగడానికి సిగ్గుపడం కదా అన్నాను. ఇంకొకతె, పన్ను ఊడిన టైము ఎందుకు గుర్తుపెట్టుకోవాలంది. డాక్టరు మొదట అడిగేది అదే, దాన్ని బట్టే వైద్యం, అన్నాను. చాలామంది రాసుకున్నారు.

బయటికొచ్చాక స్వర్ణ నీళ్ల సీసా నా చేతికిచ్చింది. "వీడియో సంగతి నాక్కూడా చెప్పలేదు," అంది. నిన్నటి నుంచి అది మొదటి మాట.

ఏప్రిల్ 20

ఈస్టర్. సాక్ష్యం సవరించుకున్నాను. ఆమెన్ అనడానికి పాస్టరుగారు కాస్త ఆలోచించారు. అమ్మ మాత్రం అందరికంటే ముందు అనేసింది.

మే 3

వేరు వైద్యం అయిపోయింది. పొక్కు పోయింది. సైకిల్ సీటు దించాను. దీవెన కాళ్లు నేలకి ఆనించి రెండుసార్లు చూసుకుని గానీ ఎక్కలేదు.

మే 31, శనివారం

పొద్దున దీవెన అరచేయి మూసుకుని వచ్చింది. ఏంటమ్మా అంటే పన్ను ఊడిందంది. చూపించమన్నాను. చూపించింది, ఇవ్వలేదు. కింది కోరపన్ను. చిన్నది, అడుగున వేరు లేదు. పాలపన్నేనమ్మా, అన్నాను.

"ఉండు నాన్నా," అని వాళ్లమ్మ దగ్గరికెళ్లింది. స్వర్ణ చూసి పాలపన్నే అంది. అయినా దానికి తృప్తి లేదు. ఫోన్లో ఫొటో తీయించి తనూజగారికి పంపించింది. జవాబు వచ్చేదాకా పన్ను పాలగ్లాసులో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పద్నాలుగేళ్ల సర్వీసు, నా మాట మీద ఒక పాలపన్ను కూడా కప్పెక్కదు. ఎక్కకూడదు కూడా.

అరగంటకి జవాబు వచ్చింది. పాలపన్నే, కింద కొత్తది వస్తోంది, హాయిగా కప్పు మీద వేసుకోండి. నాయనమ్మ పేడ తేనా అంది. వద్దని ముగ్గురం ఒకేసారి అన్నాం.

అప్పుడు దీవెన గ్లాసులోంచి పన్ను తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు వెయ్యి నాన్నా," అంది. ఎప్పుడైనా తిరిగి నమ్ముతుందో లేదో అనుకుంటూ ఉన్నాను, ఇంత తొందరగా అనుకోలేదు. వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందు ఎన్నింటికి ఊడిందో రాసుకో. ఎవరైనా అడిగితే కరెక్టుగా చెప్పాలిగా."

రాస్తున్నాను. పక్కనే నిలబడి చూస్తోంది.

ఉదయం ఏడూ ఇరవై. కింది దవడ, కుడివైపు కోర. పాలపన్ను. ఏడూ యాభై అయిదు దాకా పాలల్లో ఉంది. ఇప్పుడు కప్పు మీద వేస్తాం.